బ్రేక్ లివర్ మెత్తబడితే ఆయిల్ నింపడం చాలునా?

ప్రశ్న: నా మోటార్‌సైకిల్ ముందు డిస్క్ బ్రేక్ లివర్ ఈ మధ్య మెత్తబడి, నొక్కితే దాదాపు హ్యాండిల్‌ను తాకుతోంది. రెండు మూడుసార్లు నొక్కితే గట్టిపడుతోంది. డబ్బాలో ఆయిల్ కింది గీత దాకా దిగింది. కొత్తది పోసి నింపితే చాలునా? వెనుక డ్రమ్ బ్రేకుకు ఏం చూసుకోవాలి?

జవాబు: చాలదు. మరమ్మతు అయ్యేవరకు ఆ బండిని నడపకండి. పదేపదే నొక్కితేనే లివర్ గట్టిపడుతోందంటే, చాలావరకు గొట్టంలో గాలి చేరిందనే అర్థం. ఆయిల్‌లా కాక గాలి నొక్కుకుపోతుంది కనుక మీ చేతి బలం ప్యాడ్ల దాకా చేరదు. పైనుంచి ఎంత నింపినా ఆ గాలి పోదు, బ్లీడింగ్ (గొట్టంలోని గాలిని ఆయిల్‌తో పాటు బయటికి తీయడం) చేయించాల్సిందే.

అయితే, ఆయిల్ ఎందుకు దిగిందో ముందు తేల్చాలి. ప్యాడ్లు అరిగేకొద్దీ, వాటిని డిస్కుకు నొక్కే కాలిపర్‌లోని పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. ఇది లీకు కాదు. అలాంటప్పుడు నింపేస్తే, కొత్త ప్యాడ్లు వేసేందుకు పిస్టన్లను వెనక్కి నెట్టగానే ఆయిల్ పొంగి పెయింటును పాడుచేస్తుంది. కాబట్టి టార్చి వేసి ప్యాడ్ల మీది గాడిని చూడండి. అది చెరిగిపోతే ప్యాడ్లు మార్చాలి. గాడి బాగానే ఉంటే లివర్ మొదట్లో, గొట్టం అతుకుల దగ్గర, కాలిపర్ చుట్టూ తడి ఉందేమో వెతకండి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు గానీ, తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు మీదే ఆధారపడితే లోపల ఆవిరి పుట్టి, బ్రేకు పట్టకుండానే లివర్ హ్యాండిల్‌కు ఆనుతుంది. అందుకే, బండి తక్కువ తిరిగినా, రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం మంచిది. బండి ఆయిల్ డబ్బా మూత మీద రాసిన రకాన్నే, సీలు తీయని డబ్బా నుంచే పోయించండి. సిలికాన్‌తో చేసే డాట్ 5ను మిగతావాటితో కలపకూడదు. కొత్త ప్యాడ్లు వేశాక బండి కదిలించేముందే, లివర్ గట్టిపడేదాకా నొక్కండి.

వెనుక డ్రమ్ బ్రేకుకు, పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు డ్రమ్ ప్లేటు మీది బాణం గుర్తు హద్దు గీతను చేరితే బ్రేక్ షూలు మార్చాలి. పెడల్ ప్లే (బ్రేకు పట్టేలోపు పెడల్ ఊరికే కదిలే దూరం) చాలా బండ్లలో 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ బండి కొలత మాన్యువల్‌లో చూసుకోండి. కడ్డీ చివరి నట్టును బిగించి సరిచేశాక, బండిని మెయిన్ స్టాండు మీద నిలిపి చక్రం తిప్పి చూడండి; ఎక్కడైనా పట్టేస్తుంటే నట్టును కొంచెం వదులు చేయండి.