పేగు తీసేశారన్నది కాదు, స్కాన్ ఎన్నింటికి తీశారన్నదే కేసు

ప్రశ్న: నాన్నకి రాత్రి భరించలేని కడుపునొప్పి వస్తే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి పడుకోబెట్టారు. మర్నాడు సాయంత్రం పేగులకి రక్తం అందట్లేదంటూ ఆపరేషన్ చేసి సగానికి పైగా పేగు తీసేశారు. గుండె దడకి వాడే రక్తం పలచబడే మాత్రలు అంతకుముందే మానేశారు. 22 నెలలైంది, మనిషి కోలుకోలేదు. ఆ సర్జన్ మీద పోలీసు కేసు పెట్టొచ్చా?

జవాబు: ముందు సర్జన్‌ని వదిలేయండి. చచ్చిపోయిన పేగుని లోపల ఉంచితే మనిషే దక్కడు, తీసేయడమే సరైన వైద్యం. మీ కేసంతా ఆపరేషన్‌కి ముందు గడిచిన గంటల్లో ఉంది. మీ నాన్నలా గుండె లయ తప్పినవాళ్లకి గుండెలో కట్టిన రక్తపు గడ్డ జారి పేగు రక్తనాళానికి అడ్డుపడొచ్చు, అప్పుడు నొప్పి ప్రాణం తీసేస్తుంది కానీ పొట్ట నొక్కి చూస్తే మెత్తగానే ఉంటుంది, అనుమానం రావాల్సింది అక్కడే. రక్తనాళాలు కనిపించే సీటీ యాంజియో స్కాన్ తీసి, గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ మందు మొదలుపెట్టి, టైముకి గడ్డ తీసేస్తే పేగు బతికే అవకాశం ఉంటుంది. కాబట్టి తేలాల్సింది ఒక్కటే, దడ సంగతి తెలిసి కూడా స్కాన్ ఎందుకు లేటైంది?

22 నెలలుగా రికార్డులు అడగకుండా ఏం చేశారండీ? డిస్చార్జి సమ్మరీలో గంటగంటకీ ఏం జరిగిందో ఉండదు. ఎమర్జెన్సీ కేస్ షీట్, నర్సుల నోట్స్, ఈసీజీ, లాక్టేట్ అనే రక్తపరీక్ష రిపోర్టు, స్కాన్ ఫిల్మ్ కావాలి, ఆ ఫిల్మ్ మూలన టైము అచ్చయి ఉంటుంది చూడండి, అదే మీ సాక్షి. రేపే రాతపూర్వకంగా అడిగి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. 72 గంటల్లో ఇవ్వాలి. వాళ్లు రికార్డు భద్రంగా ఉంచాల్సింది కూడా 3 ఏళ్లే.

పోలీస్ స్టేషన్‌కి మాత్రం వెళ్లొద్దు. ఘోరమైన నిర్లక్ష్యం ఉంటేనే డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలుస్తుందని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. మీరు స్టేషన్ చుట్టూ తిరిగినన్నాళ్లూ, పరిహారం కోసం మీరు వెళ్లాల్సిన వినియోగదారుల కమిషన్‌లో గడువు ఆగదు. అది 2 ఏళ్లే, వాదన లేకుండా ఎమర్జెన్సీకి వెళ్లిన రోజు నుంచే లెక్కేసుకోండి. గడువు దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపించి ఒప్పించాలి, నాన్న బాధ ఒక్కటే చెప్తే సరిపోదు.

రికార్డు రాగానే ఆ ఆసుపత్రికి సంబంధం లేని సర్జన్‌తో రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. అది లేటైనా ఫిర్యాదు మాత్రం గడువులోపే వేసేయండి, అభిప్రాయం తర్వాతైనా దాఖలు చేసుకోవచ్చు. మాత్రలు మానేసిన సంగతి దాచకుండా ఫిర్యాదులో మీరే రాయండి, ఎదుటి లాయర్ ముందుగా బయటపెడితే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.