ఐదు మిషన్ల సెట్టు ఇప్పుడే వద్దమ్మా

చంద్రగిరి నుంచి ఒకమ్మ రాశారు. వాళ్ల పెద్దబ్బాయి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లూ పూర్తి చేసి, ఏడు నెలలుగా తిరుపతిలో ఒక మేస్త్రీ వెంట పనికి వెళ్తున్నాడు. ఇక సొంతంగా పనులు పట్టుకుంటానని, దానికి కార్డ్‌లెస్ మిషన్ల సెట్టు కావాలని పట్టుబట్టాడట. డ్రిల్లు, ఇంపాక్ట్ డ్రైవరు, గ్రైండరు, రోటరీ హ్యామరు, లైటు, రెండు బ్యాటరీలు, ఒక చార్జరు, అన్నీ కలిపి 34 వేలు. వాళ్లాయనేమో వైరున్న మిషను రెండు మూడు వేలకొస్తుంటే ఇంత డబ్బు తగలెయ్యడం ఎందుకంటున్నారు. పనిముట్లకు గవర్నమెంటు 15 వేలు ఇస్తుందని పక్కింటివాళ్లు చెప్పారట. గాజులు కుదువ పెట్టి కొనిమ్మంటారా, మేం మేడ మీద ఒక గది వేసుకుంటున్నాం, ఆ సెట్టు ఇంటికీ పనికొస్తుందా అని ఆమె ప్రశ్న.

అమ్మా, ముందు గాజులు బీరువాలో పెట్టి తాళం వేయండి. మీవాడికి మిషను అవసరమే, కానీ ఐదూ ఒకేసారి అవసరం లేదు. మీ ఆయన మాట సగం కరెక్టు, అబ్బాయి మాట సగం కరెక్టు, ఎవరిది ఏ సగమో చెప్తాను.

ముందు వాణ్ణి ఒక్కటి అడగండి. ఈ ఏడు నెలల్లో వాడు ఏ మిషను రోజుకి ఎంతసేపు పట్టుకున్నాడు, అది ఎవరిది? సాధారణంగా కుర్రవాళ్ల దగ్గర టెస్టరు, కటింగ్ ప్లేయరు, స్క్రూ డ్రైవర్లు ఉంటాయి, పెద్ద మిషన్లు మేస్త్రీయే తెస్తాడు. ఒక చిన్న నోట్ బుక్ కొనిచ్చి ముప్పై రోజులు రాయమనండి, ఈరోజు ఏ సైటు, ఏ మిషను, సుమారు ఎన్ని నిమిషాలు, అక్కడ కరెంటు ఉందా లేదా, ఇంతే. నా దగ్గరకొచ్చే ఐటీఐ పిల్లలందరికీ ఇదే చెప్తాను, పది మందిలో ఇద్దరు కూడా రాయరనుకోండి, అది వేరే సంగతి. రాసినవాడికి మాత్రం షాపువాడు ఏం చెప్పినా బుర్ర తిరగదు.

వైరింగ్ పనిలో మొదటి దశ గోడలో పైపులకు గాడి కొట్టడం. దీనికి కటింగ్ మిషను గంటల తరబడి తిరుగుతుంది. బ్యాటరీ గ్రైండరు ఇక్కడ ఎంతసేపు నిలుస్తుందో మనమే లెక్కేయొచ్చు. బ్యాటరీ మీద 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్ అని ఉంటే ఆ రెండూ గుణించండి, 36 వాట్ అవర్లు, అంటే 36 వాట్లు లాగే మిషను గంటసేపు నడుస్తుంది. నాలుగంగుళాల గ్రైండరు గోడలో దిగి కోస్తున్నప్పుడు 500 వాట్లు లాగుతుందనుకుంటే ఆ బ్యాటరీ నాలుగు నిమిషాల చిల్లరలో అయిపోతుంది. 4 ఆంపియర్ అవర్‌దైతే ఇంకో నాలుగు నిమిషాలు ఎక్కువ. రెండు బ్యాటరీలతో ఒక గది గాళ్లు కూడా పూర్తి కావు, మిగతా రోజంతా చార్జర్ ముందు కూర్చోవాలి. ఇదిగో, మీ ఆయన కరెక్టు అన్న సగం ఇదే. గాడి పనికి వైరున్న మిషనే కావాలి, అది కూడా ఇప్పుడే కొనక్కర్లేదు, సొంత పని దొరికిన రోజు అద్దెకు తెచ్చుకోవచ్చు.

స్లాబుకి, బీముకి రంధ్రాలు వేయడం ఇంకో పని. మామూలు ఇంపాక్ట్ డ్రిల్లుకీ రోటరీ హ్యామరుకీ తేడా మీవాడికి తెలిసే ఉంటుంది, మీ ఆయనకి మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఆయన చెప్పే రెండు వేల మిషను మొదటి రకం. అందులో పళ్లున్న చక్రాలు రెండు ఒకదాని మీద ఒకటి ఎగిరి దెబ్బ వేస్తాయి, మనం వెనక నుంచి ఎంత నొక్కితే అంత దెబ్బ, ఇటుక గోడకి సరిపోతుంది. కాంక్రీటు స్లాబుకి నిచ్చెన మీద నిలబడి తల పైకెత్తి నొక్కాలంటే భుజాలు పడిపోతాయి. రోటరీ హ్యామరులో లోపల పిస్టన్ గాలిని నొక్కి సుత్తిలా కొడుతుంది, మనిషి పట్టుకుంటే చాలు. ఎలక్ట్రీషియన్ కొనాల్సిన వైరు మిషను ఒక్కటే అయితే అది చిన్న రోటరీ హ్యామరే, ఎస్‌డీఎస్ ప్లస్ బిట్లు, అంటే తోక దగ్గర గాళ్లుండి మిషనులో నొక్కితే పట్టుకునే బిట్లు, పట్టేది.

ఇక చివరి దశ ఫిటింగులు. బోర్డులు బిగించడం, ప్లేట్లు, ఫ్యాన్లు, ఫాల్స్ సీలింగ్‌లో లైట్లు, వందల స్క్రూలు. ఇక్కడ మీవాడు కరెక్టు. నిచ్చెన మీద ఎక్స్‌టెన్షన్ వైరు ఈడ్చుకుంటూ, ఎర్తు ఉందో లేదో తెలియని టెంపరరీ కనెక్షన్ మీద, తడి స్లాబు కింద పని చేయడం కంటే బ్యాటరీ డ్రిల్లు వెయ్యి రెట్లు మేలు. మెయిన్ ఆపేసి కూడా పని సాగుతుంది. అయితే బ్యాటరీ మిషను కదా షాకు కొట్టదులే అనుకోవద్దని చెప్పండి, గోడలో లైను ఉన్న వైరుకి బిట్టు తగిలితే దాన్ని పట్టుకునే ఇనప చక్‌కి కూడా కరెంటు వస్తుంది.

కాబట్టి నా సలహా, ఇప్పటికి ఒక 18 వోల్టుల బ్రష్‌లెస్ డ్రిల్ డ్రైవరు, రెండు బ్యాటరీలు, చార్జరు. బ్రష్‌లెస్ అంటే మోటారులో కార్బన్లు ఉండవు, అరిగేవి లేవు, వేడి తక్కువ, అదే బ్యాటరీతో ఎక్కువసేపు నడుస్తుంది. తర్వాత చేతిలో కాస్త డబ్బు ఆడాక వైరున్న రోటరీ హ్యామరు. ఇంపాక్ట్ డ్రైవరు మంచిదే గానీ అది పొడుగు స్క్రూలు, బోల్టుల పనికి, కార్పెంటర్లకీ సోలార్ ప్యానెళ్లు బిగించేవాళ్లకీ ఎక్కువ అక్కరకొస్తుంది. స్విచ్ ప్లేటు స్క్రూకి దాన్ని వాడితే ప్లాస్టిక్ పగలడం ఖాయం.

వోల్టుల సంగతి విడిగా చెప్పాలి, మోసమంతా అక్కడే ఉంది కాబట్టి. ఈ బ్యాటరీల్లో లిథియం సెల్లులు ఉంటాయి, ఒక్కోటి 3.6 వోల్టులు. ఐదు వరసగా కలిపితే 18. ఫుల్ చార్జింగులో ఒక్కో సెల్లు 4.2 వరకు పోతుంది, అంటే 21. అందుకే 18 అని రాసినా, 20 మ్యాక్స్ అని రాసినా, 21 అని రాసినా వస్తువు ఒకటే. నేను ఒకప్పుడు ఇంటికని 48 వోల్టులని పెద్దక్షరాలతో రాసున్న సెట్టు ఆఫర్లో కొన్నాను. ఏడాది దాటగానే బ్యాటరీ చచ్చింది, కొన్న షాపుకెళ్తే ఆ మోడల్ రావట్లేదు సార్ అన్నాడు, ఇంటికొచ్చి విప్పి చూస్తే లోపల ఐదే సెల్లులు! ఇంట్లోవాళ్లు ఇప్పటికీ అటక సర్దినప్పుడల్లా దాన్ని నాకు చూపిస్తారు.

మీవాడు కొనేది డ్రిల్లు అనుకుంటున్నాడు గానీ నిజానికి బ్యాటరీ కుటుంబంలో చేరుతున్నాడు. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషనుకి సాధారణంగా పట్టదు. అంతెందుకు, ఒకే కంపెనీలో కూడా పట్టకపోవచ్చు. బాష్‌లో పని సైట్లకి చేసే నీలం రంగువీ ఇంటి వాడకానికి చేసే ఆకుపచ్చవీ వేరు, మకిటాలో జీ సిరీస్ బ్యాటరీ ఎల్ఎక్స్‌టీ సిరీస్ మిషనుకి పట్టదు, డీవాల్ట్, స్టాన్లీ ఒకే యజమానివైనా వాటి బ్యాటరీలు ఒకదానివి ఒకదానికి కుదరవు. మొదటి డ్రిల్లు సరైన కుటుంబంలో కొంటే తర్వాత గ్రైండరో ఇంకోటో బ్యాటరీ లేకుండా మిషను మాత్రమే తక్కువలో కొనుక్కోవచ్చు. కొనే ముందు తిరుపతిలో ఆ కంపెనీ సర్వీసు సెంటరు ఎక్కడుందో కనుక్కుని, వెళ్లి, ఆ మోడల్ స్విచ్ ఎంత, విడి బ్యాటరీ ఎంత, ఎన్ని రోజుల్లో వస్తుంది అని అడగమనండి. మద్రాసు పంపాలి, నెల పడుతుంది అంటే అక్కడి నుంచే దండం పెట్టి వచ్చేయాలి. వారంటీ కాగితంలో సైటు పనికి వర్తిస్తుందా, ఇంటి వాడకానికేనా చూసుకోవాలి. బిల్లు మీవాడి పేరు మీదే ఉండాలి.

మన ఎండలు తెలుసుగా. మే నెలలో బ్యాటరీని బండి డిక్కీలో వదిలేస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. పని చేసి వేడెక్కినదాన్ని వెంటనే చార్జింగ్ పెట్టకుండా నీడలో చల్లారనివ్వాలి, పని లేని రోజుల్లో పూర్తిగా ఖాళీ చేసి పడేయకూడదు.

15 వేల సంగతి. అది పీఎం విశ్వకర్మ పథకం, 2023 సెప్టెంబర్ 17న మొదలైంది, పనిముట్లకు 15 వేల వరకు వోచరు ఇస్తారు. కానీ అందులో 18 చేతివృత్తులే ఉన్నాయి. వడ్రంగి ఉన్నాడు, తాపీ మేస్త్రీ ఉన్నాడు, ఎలక్ట్రీషియన్ లేడు. వడ్రంగినని రాయించుకుందాం అని ఎవరైనా చెప్తే వినొద్దు, రేపు వాణ్ణి రంపం పట్టమంటే ఏం చేస్తాడు? చిన్న వ్యాపారాలకి గవర్నమెంటు లోను పథకం ముద్రలో శిశు రకం కింద 50 వేల వరకు లోను ఉంది గానీ చేతిలో సొంత పనులు లేకుండా లోను తీసుకోవడం నాకైతే ఇష్టం లేదు.

దాని బదులు ఇంకో దారి కూడా చూడమనండి. ఏడు నెలల అనుభవంతో సొంత కాంట్రాక్టు అంటే కొంచెం తొందరే. శ్రీసిటీలో, రేణిగుంట, కరకంబాడి వైపు ఫ్యాక్టరీలున్నాయి, అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో పేరు నమోదు చేసుకుని ఒక ఏడాది చేస్తే స్టైపెండు వస్తుంది, పని నేర్చుకునే మిషన్లు కంపెనీవే, చివర్న సర్టిఫికెట్టు. సాయంత్రాలు, ఆదివారాలు చిన్న ఫిటింగు పనులు ఎలాగూ దొరుకుతాయి, ఊళ్లో లాడ్జీలకి కొదవా? వైరింగ్ పని చేయడానికి గవర్నమెంటు ఇచ్చే వైర్‌మన్ పర్మిటుకి కూడా ఈలోపే దరఖాస్తు పెట్టుకోమనండి, సొంత పనులు పట్టేవాడికి మిషను కంటే ముందు అడిగేది అదే.

మీ మేడ గదికి విడిగా ఏమీ కొనకండి. కర్టెన్ రాడ్డు, అలమరా, బట్టల తీగ హుక్కులకి మీవాడి డ్రిల్లులో హ్యామరు మోడు ఉంటే ఇటుక గోడకి చాలు. ఏడాదికి నాలుగు రంధ్రాలు వేసుకునే ఇంట్లో బ్యాటరీ మిషను ఊరికే కూర్చుని ముసలిదవుతుంది, వాడకపోయినా లిథియం బ్యాటరీకి వయసు ఆగదు. ఇంకో మాట, ఆ గది వైరింగ్ మొత్తం వాడి చేతే చేయించండి, మేస్త్రీని ఒకసారి వచ్చి చూసి వెళ్లమనండి, వాడి నోట్ బుక్కులో మొదటి సొంత సైటు అదే అవుతుంది.

ముప్పై రోజులు నిండాక ఆ పేజీలు ఫొటో తీసి పంపండి. రెండో బ్యాటరీ 2 ఆంపియర్ అవర్‌దా 4దా అన్నది అవి చూసి చెప్తాను.