ఫ్రెండ్స్ సంగతి తర్వాత, ముందు మీ తమ్ముడి సంగతి చూడండి

గుంటూరు నుంచి ఒక అమ్మ రాశారు, పేరు వద్దన్నారు. అబ్బాయికి 16 ఏళ్ళు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, డే స్కాలర్. టెన్త్‌లో 600కి 540 పైన తెచ్చుకున్నవాడు ఇప్పుడు క్లాసులు ఎగ్గొట్టి ముగ్గురు ఫ్రెండ్స్‌తో టిఫిన్ బండి దగ్గర కూర్చుంటున్నాడట, ఏదన్నా అంటే ఎదురు తిరుగుతున్నాడట, పోయిన నెల అమ్మ ఫోన్లోంచి 3,500 ఎవరికో కొట్టి మెసేజ్ డిలీట్ చేసేశాడట. గట్టిగా అడిగితే క్రికెట్ బెట్టింగ్ అన్నాడు. భర్త మిర్చి యార్డులో గుమస్తా, ఈవిడ ఇంట్లో బ్లౌజులు కుడతారు. అడిగింది ఒక్కటే, ఆ ముగ్గురి నుంచి విడదీయాలంటే విజయవాడలో హాస్టల్లో వెయ్యమంటారా అని.

వద్దమ్మా. మీరు అడిగినదానికి జవాబు అంతే. హాస్టల్లో ముగ్గురు కాదు, ముప్పై మంది దొరుకుతారు, అక్కడ మీరు కనీసం చూడను కూడా చూడలేరు.

ఇప్పుడు మీరు అడగనిది మాట్లాడుకుందాం. నాలుగు పేజీల ఉత్తరంలో మూడున్నర పేజీలు ఆ పిల్లల మీదే రాశారు, వాళ్ళ హెయిర్ కటింగు, వాళ్ళ భాష, వాళ్ళ ఇళ్ళల్లో పెంపకం సరిగ్గా లేదని కూడా (ఆ ముగ్గురి అమ్మలూ మీవాడి గురించి ఇదే మాట అనుకుంటూ ఉంటారు, అది వేరే సంగతి). మధ్యలో ఎక్కడో రెండు లైన్లు, "మా తమ్ముడికి అవసరం పడినప్పుడల్లా కొంచెం సర్దుతుంటానండి, మావారికి తెలిస్తే గొడవని మావాడి చేతే ఫోన్‌పే చేయించి మెసేజ్ తీసేయిస్తాను, వాడికి ఫోన్ పనులన్నీ బాగా వచ్చు" అని. ఆ రెండు లైన్లు చదివాక మిగతా మూడున్నర పేజీలు నాకు అక్కర్లేకపోయాయి.

అదే ఫోను, అదే పిన్ను, అదే డిలీటు. ఇది టిఫిన్ బండి దగ్గర నేర్చుకున్నాడా? మీరు పక్కన కూర్చుని చేయించారు తల్లీ. ఎన్నిసార్లు చేయించారో మీకే తెలియాలి. వాడు అర్థం చేసుకున్నదేంటంటే ఈ ఇంట్లో నాన్నకి తెలియకుండా డబ్బులు పంపితే తప్పు కాదు, తెలిస్తేనే తప్పు. అందుకే మీరు పట్టుకున్నప్పుడు వాడు సిగ్గుపడకుండా ఎదురు తిరిగాడు, "నువ్వు చెయ్యట్లేదా" అన్నాడని మీరే రాశారు, రాసి దాన్ని పొగరు అన్నారు. నాకైతే అందులో పొగరు కనపళ్ళేదు.

ఇక మీ తమ్ముడు. మేనల్లుడంటే ప్రాణం, బండి కూడా ఇచ్చేస్తాడు అని మురిసిపోయారు. ముప్పై దాటాయి, ఒక ఉద్యోగంలో ఆర్నెల్లు నిలవడు, రమ్మీ ఆడి పోగొట్టుకుంటాడు, పోగొట్టుకున్న ప్రతిసారీ అమ్మో అక్కో కప్పిపుచ్చుతారు, అయినా పండక్కి వస్తే పెద్ద ముక్క ఆయన విస్తట్లోనే పడుతుంది. ఆంధ్రాలో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని, బెట్టింగునీ 2020లోనే నిషేధించారు, మీ తమ్ముడు మాత్రం ఆడుతున్నాడు, మీరు డబ్బులు కడుతున్నారు, ఇదంతా చూస్తున్న పిల్లాడు బెట్టింగ్‌లో డబ్బు పెడితే మీకు ఆశ్చర్యం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఎవరో ఒకరు కడతారులే అని వాడికి గట్టి నమ్మకం, కళ్ళారా చూశాడు కదా.

అలాగని ఫ్రెండ్స్ వల్ల ఏమీ లేదని నేననను. 2005లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు, స్టీన్‌బర్గ్ అనే ప్రొఫెసరూ ఇంకొకావిడా కలిసి. కంప్యూటర్‌లో కారు నడిపే గేము ఆడించారు, ఒంటరిగా ఉన్నప్పటి కంటే ఫ్రెండ్స్ పక్కనుంటే 13 నుంచి 16 ఏళ్ళ పిల్లలు బాగా ఎక్కువ రిస్కు తీసుకున్నారు, 24 దాటినవాళ్ళకి మాత్రం ఎవరు పక్కనున్నా పెద్ద తేడా లేదు. ఆ వయసు అలాంటిది, నలుగురు చూస్తుంటే లేని ధైర్యం వస్తుంది. కానీ ఆ ధైర్యంతో ఏ పని చేస్తాడన్నది ఇంట్లో చూసినదాన్ని బట్టే ఉంటుందని నేను నమ్ముతాను. కటింగు, షూసు, మాట తీరు బయట నుంచి వస్తాయి, రెండేళ్ళలో పోతాయి కూడా. డబ్బు విషయంలో, నిజం చెప్పే విషయంలో వాడు చూసేది మిమ్మల్నే.

పుట్టింటికి పెట్టడం తప్పని నేను చచ్చినా అనను. తోడబుట్టినవాడు కష్టంలో ఉంటే అక్క చూడకపోతే ఎవరు చూస్తారు. అదీ మీరు రాత్రి పన్నెండింటి దాకా మిషను తొక్కి సంపాదించిన డబ్బు, దాన్ని దొంగసొత్తులాగా ఎందుకు పంపుతున్నారు? మీవారు కొట్టే మనిషి కాదన్నారు, కోపం వస్తే రెండు రోజులు మాట్లాడరు అన్నారు. ఆ రెండు రోజుల మౌనానికి భయపడి కన్నకొడుకుని గుట్టులో పార్ట్‌నర్‌ని చేసుకున్నారు. పైగా మెసేజ్ తీసేస్తే పోయేది మెసేజే, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ప్రతి లైనూ ఉంటుంది, ఆయన ఒక్కసారి పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తే చాలు. ఆయన అలా తెలుసుకునేలోపు మీ నోటితో చెప్పండి.

సీజన్‌లో ఆయన రాత్రి పదింటికి మిరపకాయల ఘాటుతో దగ్గుకుంటూ వస్తారు, అప్పుడు మొదలుపెట్టకండి. యార్డు సెలవు రోజు చూసుకోండి, పిల్లాడు ఇంట్లో లేనప్పుడు. మీ తమ్ముడికి ఇప్పటిదాకా ఎంత పంపారో స్టేట్‌మెంట్ తీసి కూడి ఒక కాయితం మీద రాసి ఆయన ముందు పెట్టండి, తగ్గించి రాయొద్దు. 3,500 సంగతి కూడా అప్పుడే చెప్పండి, కానీ మీది ముందు, వాడిది తర్వాత. వరస మార్చారో, ఆయన కోపం మొత్తం వాడి మీదకి పోతుంది, మీరు మళ్ళీ తప్పించుకుంటారు, వాడికి ఇంకో పాఠం అవుతుంది.

తర్వాత వాణ్ణి కూర్చోబెట్టి, నీ చేత ఆ పని చేయించడం నాదే తప్పురా అని చెప్పండి. పక్కన నీతులు పెట్టకండి, ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకోండి. ఇంకెవరికైనా బాకీ ఉన్నావా అని మెల్లగా అడగండి, బెట్టింగ్‌లో సాధారణంగా బయటపడేది సగమే. ఉంటే వాళ్ళ నాన్నకి చెప్పి ఒక్కసారి తీర్చేయండి, మళ్ళీ మీ బీరువాలోంచి మాత్రం కాదు. తిండి మానేసి నిద్రపోకుండా ఉంటే, చచ్చిపోతా లాంటి మాట ఏదన్నా అంటే ఆలోచించకుండా 14416కి చెయ్యండి, టెలీ మానస్ అని గవర్నమెంటుది, ఫ్రీ, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆ ముగ్గుర్నీ ఒకరోజు ఇంటికి పిలవండి. అందులో ఒకడు మీకు జ్వరమొస్తే టాబ్లెట్లు తెచ్చిచ్చాడని మీరే రాశారు, అంత చెడ్డ పిల్లాడు ఆ పని చెయ్యడు కదా. కళ్ళ ముందు కూర్చుని ఉప్మా తింటుంటే ఎవడు ఎలాంటివాడో మీకే తెలుస్తుంది.

బండి విషయం మాత్రం యార్డు సెలవు దాకా ఆగకండి, ఈరోజే మీ తమ్ముడికి ఫోన్ చేసి ఇవ్వొద్దని చెప్పండి. గేర్ల బండికి 18 నిండాలి. 2019లో మార్చిన చట్టం ప్రకారం మైనర్ నడిపి దొరికితే బండి ఓనరుకీ తల్లిదండ్రులకీ మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా ఉంది, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇదంతా ఆయనకి విడమరిచి చెప్పండి. కోపం వస్తే రానివ్వండి, పండక్కి ఎటూ మీ ఇంటికే వస్తాడు.