ప్రాక్సిస్ ఇప్పుడే రాసి పెట్టుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి మైసూరు ఐష్‌లో (మాట, వినికిడి సంస్థ) బీఏఎస్‌ఎల్‌పీ, అంటే మాట, వినికిడి చికిత్సల డిగ్రీ, పూర్తి చేసి ఇంటికొచ్చింది. అమెరికాలో స్పీచ్ థెరపిస్టుగా స్థిరపడాలని తన ఆశ. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీవాళ్ళు ‘అక్కడి స్పీచ్ థెరపిస్టుల పరీక్ష ప్రాక్సిస్ ఇప్పుడే రాసి పెట్టుకోండి, పాసైతే లైసెన్స్ చేతిలో ఉన్నట్టే’ అంటున్నారు. కోచింగ్‌కి పెద్ద మొత్తమే అడుగుతున్నారు. అమ్మాయి పొద్దస్తమానం పుస్తకాలు ముందేసుకుని టెన్షన్ పడుతోంది. డబ్బు కట్టమంటారా?
— ఒక తండ్రి, గాజువాక

జవాబు: ఇప్పుడైతే కట్టకండి. పరీక్ష మంచిదే, కోచింగ్ కూడా కొందరికి పనికొస్తుంది. కానీ మీకు చెప్పిన వరస తలకిందులుగా ఉంది.

అమెరికాలో లైసెన్స్ ఇచ్చేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రపు బోర్డు. దానితోపాటు థెరపిస్టులు ఎక్కువగా తెచ్చుకునేది ‘ఆషా’ అనే జాతీయ సంఘం ఇచ్చే సీసీసీ సర్టిఫికెట్. దానికి డిగ్రీ చాలదు, మాస్టర్స్ ఉండాలి. దాంతోపాటు 400 గంటల క్లినికల్ అనుభవం కావాలి. అందులో 25 గంటలు చూసి నేర్చుకునేవి, 375 గంటలు స్వయంగా పేషెంట్లతో పనిచేసేవి. చదువయ్యాక కనీసం 36 వారాలు, 1,260 గంటల క్లినికల్ ఫెలోషిప్, అంటే సీనియర్ పర్యవేక్షణలో చేసే ఉద్యోగం. ప్రాక్సిస్ వీటి పక్కన నిలబడే ఒక షరతు, వీటికి బదులు కాదు. బీఏఎస్‌ఎల్‌పీ మీద ప్రాక్సిస్ పాసైనంత మాత్రాన అక్కడ పూర్తిస్థాయి థెరపిస్టు కాలేరు.

తొందరపడితే నష్టం కూడా ఉంది. ఆషాకు దరఖాస్తు పెట్టే రోజుకు స్కోరు వయసు ఐదేళ్ళు మించకూడదు. అడ్మిషన్‌కి ఒక ఏడాది, చదువుకి రెండేళ్ళు, మధ్యలో వీసా ఒకసారి వెనక్కొచ్చిందనుకోండి, ఆ ఐదేళ్ళు ఇట్టే కరిగిపోతాయి. మాస్టర్స్ కోర్సు, క్లినికల్ పని అయ్యాక గానీ, మొదటి ఏడాది ఉద్యోగంలో గానీ ఈ పరీక్ష రాయమని ఆషావాళ్ళే చెబుతారు.

ఈ పరీక్షలో ఏముంటుందో మీకూ తెలియాలి, అప్పుడే కోచింగ్ పేరుతో ఏం అమ్ముతున్నారో అర్థమవుతుంది. నంబరు 5331, నిర్వహించేది ఈటీఎస్ అనే అమెరికా పరీక్షల సంస్థ. 150 నిమిషాల్లో 132 ప్రశ్నలు, అంటే ప్రశ్నకి ఒక నిమిషం పైన కాస్త. స్కోరు 100 నుంచి 200 మధ్య వస్తుంది, ఆషాకు కావలసింది 162. శాస్త్రం, వృత్తి నియమాలు ఒక వంతు, పరీక్షించి రోగనిర్ధారణ చేయడం ఒక వంతు, చికిత్స ఒక వంతు. ఉచ్చారణ, నత్తి, గొంతు, భాష, వినికిడి, మింగడం, ఇలా తొమ్మిది రంగాలూ ఈ మూడింట్లోనూ కలిసిపోయి వస్తాయి. అందుకే పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా బట్టీపట్టేవాళ్ళు ఇక్కడ బోల్తా పడతారు.

ఒక ప్రశ్న చూడండి. నేను అల్లినదే, కానీ తీరు అదే. థైరాయిడ్ ఆపరేషన్ అయిన టీచరమ్మ వచ్చింది. గొంతులో గాలి ఎక్కువ, బలం తక్కువ. నీళ్ళు తాగితే పొలమారుతోంది. మీరు ముందుగా ఏం చేస్తారు? వాయిస్ థెరపీ మొదలుపెట్టడం, ఈఎన్‌టీ డాక్టరు చేత స్వరపేటిక పరీక్ష చేయించడం, నీళ్ళు చిక్కగా చేసి ఇవ్వమనడం, బడికి సెలవు చీటీ రాయించడం. నాలుగూ ఎప్పుడో ఒకప్పుడు పనికొచ్చేలాగే కనిపిస్తాయి. థైరాయిడ్‌ను ఆనుకునే వెళ్ళే రికరెంట్ లారింజియల్ నరం దెబ్బతింటే ఒకవైపు స్వరతంత్రి కదలదని మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది, మూడో సంవత్సరంలోనే చదివి ఉంటుంది. మార్కు మాత్రం ‘ముందుగా’ అన్న మాట దగ్గర ఉంది. డాక్టరు చూసి కారణం చెప్పకుండా గొంతుకు థెరపీ మొదలుపెట్టకూడదు. జవాబు ఈఎన్‌టీయే. ఈ వరస అలవాటయ్యేది పేషెంటు ఎదురుగా కూర్చున్నప్పుడే. ఇంట్లో గైడు ముందేసుకుంటే రాదు.

మన పిల్లలు తడబడే చోట్లు వేరు. అక్కడి బడుల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఐడియా అనే చట్టం ఉంది, దాని కింద ప్రతి పిల్లకీ ఐఈపీ అనే ప్రణాళిక రాస్తారు. ఎవరు రాస్తారు, తల్లిదండ్రుల సంతకం ఎక్కడ కావాలి, ఏడాదికోసారి ఎందుకు సమీక్షించాలి అన్నవి ఇక్కడ క్లాసులో లోతుగా చెప్పరు. ఇంగ్లిష్ పిల్లల మైలురాళ్ళూ అంతే. ‘కుకీ’ని ‘టుటీ’ అనే అలవాటు మామూలుగా మూడున్నరేళ్ళ ప్రాంతానికి పోవాలి, నాలుగున్నరకీ ఉంటే ఆలోచించాలి. ఇలాంటివి కొత్తగా నేర్చుకోవాల్సిందే. మరోపక్క, రెండు భాషల పిల్లల ప్రశ్నల్లో మనవాళ్ళకు ఒక మెట్టు మొగ్గు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు ‘వి’, ‘డబ్ల్యూ’ కలిపేస్తే అది యాసే, లోపం కాదు. ఒక్క ఇంగ్లిష్ మాత్రమే వచ్చిన పిల్లల మీద తయారుచేసిన టెస్టుతో వాడికి ‘లాంగ్వేజ్ డిజార్డర్’ అని ముద్ర వేయకూడదు. ఈ తేడాను విశాఖలో పెరిగిన పిల్లకు పుస్తకం చెప్పక్కర్లేదు.

చదివే రోజు వచ్చినప్పుడు ముందు ఈటీఎస్‌వాళ్ళు ఉచితంగా పెట్టే స్టడీ కంపానియన్ దించుకుని, అందులో ఏ అంశాలు రాశారో చూడాలి. తర్వాత ఏమీ చదవకుండానే ఒక మాక్ టెస్టు గడియారం పెట్టుకుని రాయాలి. తప్పయిన ప్రతి ప్రశ్న పక్కన విషయం తెలియకా, ప్రశ్న సరిగ్గా చదవకా, రెండు జవాబుల మధ్య ఊగిసలాడా అని రాసుకోవాలి. చాలామందికి మూడోదే ఎక్కువ ఉంటుంది, దానికి మందు మరిన్ని పేజీలు కాదు, మరిన్ని కేసులు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఖాళీ వదలకూడదు. పరీక్ష తప్పితే 28 రోజులయ్యాకే మళ్ళీ రాయనిస్తారు.

ఇక ఈ ఏడాది. మొదట ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్. 1992 నాటి చట్టం ప్రకారం అది లేకుండా ఇక్కడ ప్రాక్టీస్ చేయకూడదు, చేస్తే జైలు శిక్ష కూడా ఉంది. నంబరు వచ్చాక విశాఖలోనే ఏదైనా ఆసుపత్రిలోనో, పిల్లల థెరపీ సెంటర్లోనో చేరనివ్వండి. జీతం చూసి ముఖం చిట్లించకండి. ఇప్పటిదాకా పిల్లలనే ఎక్కువ చూసి ఉంటే, పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్ళు, మింగలేనివాళ్ళు వచ్చే చోటు వెతకమనండి. అమెరికా మాస్టర్స్‌లో కష్టమైన కోర్సులు ఆ సమస్యల మీదే.

అడ్మిషన్ కోసం చూడాల్సిందల్లా సీఏఏ అనే మండలి గుర్తింపు ఉన్న కోర్సేనా అన్నది. జాబితా ఆషా సైట్లోనే ఉంటుంది. ట్రాన్‌స్క్రిప్ట్‌లో జీవశాస్త్రం, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, సామాజిక శాస్త్రం ఒక్కొక్కటైనా కనబడాలి, ఏది లోటున్నా ముందే తెలుసుకోండి. ఇక్కడే మైసూరులోనో, సికింద్రాబాద్ అలీ యావర్ జంగ్ సంస్థలోనో పీజీ చేసి, ఆ డిగ్రీ అక్కడి మాస్టర్స్‌కు సమానమని మదింపు చేయించుకునే దారీ ఉంది. ఖర్చు తక్కువ, కాగితాల పని ఎక్కువ.

ఒక్క విషయం మాత్రం లోన్ తీసుకునే ముందే లెక్కలో వేసుకోండి. సాఫ్ట్‌వేర్ పిల్లలకు చదువయ్యాక మూడేళ్ళు పనిచేసుకునే వీలుంది, మీ బంధువుల్లో చూసే ఉంటారు. స్పీచ్ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) జాబితాలో లేదు కనక ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసుకునే ఆ అనుమతి, ఏడాదే. ఫెలోషిప్ ఆ ఏడాదిలో పడుతుంది, వీసా సంగతి మాత్రం అదే ఏడాదిలో తేల్చుకోవాలి. అందుకని కాలేజీ ఎంచుకునేటప్పుడే అక్కడి పాత విద్యార్థులను, ముఖ్యంగా మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళను, హెచ్-1బీ ఎవరు స్పాన్సర్ చేశారని అడగమనండి. కన్సల్టెన్సీవాళ్ళనూ అదే అడిగి చూడండి.