మోడలింగ్‌కి లక్షన్నర కట్టమంటున్నారు, కట్టాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. చెరువులు లీజుకి తీసుకుని రొయ్యలు వేస్తాను. అమెరికా సుంకాల దెబ్బకి రేటు పడిపోయి మేత బాకీ కూడా తీరలేదు. మా అమ్మాయి బీకాం ఫైనలియర్. ఇన్‌స్టాలో ఫొటోలు చూసి హైదరాబాద్ నుంచి ఒక ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేసి సెలెక్ట్ అయిందన్నారు. పోర్ట్‌ఫోలియో అనే ఫొటోల ఆల్బమ్‌కి, గ్రూమింగ్ అనే శిక్షణకి కలిపి లక్షన్నర అంట. రిజిస్ట్రేషన్ కింద ఐదు వేలు పంపించాం. మా బావమరిది పరువు పోతుందంటున్నాడు. అమ్మాయి సరిగ్గా అన్నం తినడం లేదు. అప్పు చేసి పంపించమంటారా, ఎంబీఏలో చేర్పించమంటారా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: ముందు ఆ లక్షన్నర సంగతి తేల్చేద్దాం. కట్టొద్దండి. అప్పు చేసి అసలే వద్దు, చేతిలో డబ్బు ఉన్నా వద్దు. పని ఇప్పించే ఏజెన్సీకి ఆదాయం మోడల్‌కి వచ్చే డబ్బులో కమీషన్. మీ రొయ్యల కమీషన్‌దారు పట్టుబడి అయ్యాక తన వాటా తీసుకుంటాడు గానీ, సీడు వేయకముందే వచ్చి లక్షన్నర ఇవ్వమంటే ఇస్తారా? ఎత్తు ఎంతో అడక్కుండా, ఎదురుగా చూడకుండా ఫోన్‌లోనే సెలెక్ట్ చేశారంటే వాళ్లు వెతుకుతున్నది మోడల్‌ని కాదు, కట్టగలిగిన తండ్రిని. 2025 మేలో హైదరాబాద్‌లో మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పటి నుంచి నాకు ఇలాంటి ఉత్తరాలు ఎక్కువయ్యాయి, ఊరు మారుతుంది, అడిగే డబ్బు మారుతుంది, మిగతాదంతా అదే. మార్కెట్ పడిపోయినప్పుడు ఈ ఫోన్లు ఇంకా పెరుగుతాయి. బ్రాండ్ల నుంచి షూటింగులు రాకపోతే స్టూడియో అద్దె ఎక్కడి నుంచో రావాలి కదా, అది మీలాంటి వాళ్ల దగ్గర నుంచి రాబట్టుకుంటారు.

ఇక మోడలింగ్ మీద నాకున్న అనుమానాలు దాచకుండా చెబుతాను. వ్యాపారం మందగిస్తే ఏ షాపువాడైనా మొదట కత్తెర వేసేది ప్రకటనలకే. హోర్డింగ్ మీద సినిమా హీరోయిన్ అలాగే ఉంటుంది, ఎందుకంటే జనం గుర్తుపట్టేది ఆమెనే. ఆమె పక్కన నిలబడే నలుగురు అమ్మాయిలు ఇద్దరవుతారు, ఆ ఇద్దరికీ డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఫ్యాషన్ షోల్లో నడిచే ర్యాంప్ సంగతి చెప్పక్కర్లేదు, సాధారణంగా అయిదడుగుల ఏడెనిమిది అంగుళాలు లేకపోతే అమ్మాయిల్ని లైన్లోకే రానివ్వరు. పైగా ఇప్పుడు ఏఐ వచ్చి కూర్చుంది. మాంగో అనే విదేశీ బట్టల కంపెనీ 2024లో టీనేజీ బట్టలకి ఏఐ బొమ్మలతో ప్రచారం చేసింది, అలాంటిదే ఇంకో కంపెనీ హెచ్‌అండ్‌ఎమ్ 2025లో 30 మంది మోడళ్లకి డిజిటల్ ప్రతిరూపాలు తయారు చేస్తామని ప్రకటించింది. మన దగ్గర కూడా చీర ఫొటో తీసి ఏఐ అమ్మాయికి కట్టేసి పోస్టు చేస్తున్న షాపులు కనిపిస్తూనే ఉన్నాయి. ఒకప్పుడు కొత్తవాళ్లకి చేయి తిరిగేది ఆ చిన్న పనులతోనే.

మరి ఏం మిగిలింది అంటే, ఆన్‌లైన్ షాపుల కేటలాగ్ షూట్లు, అంటే అమ్మకానికి పెట్టే ప్రతి డ్రెస్సూ వేసుకుని ఫొటోలు దిగడం. అమ్మాయి ఊహించుకుంటున్న మోడలింగ్ ఇది కాదు. పొద్దున్నే మేకప్ వేయించుకుని కూర్చుంటే సాయంత్రందాకా ముప్పై, నలభై డ్రెస్సులు మార్చాలి. కుర్తా వదులుగా ఉంటే వీపు వెనక క్లిప్పులు పెట్టి బిగిస్తారు, ముందు నుంచి చూస్తే కుట్టించినట్టే ఉంటుంది. నేల మీద టేపు అంటించిన చోటే కాళ్లు పెట్టి ముందు, పక్క, వెనక, చేయి జేబులో, మళ్లీ మొదటి నుంచి. ఎండాకాలంలో స్వెట్టర్లు కూడా వేసుకోవాల్సి రావచ్చు. ఇది చిన్నతనమైన పనేం కాదు, ఒళ్లు వంచి చేసే పని, కాకపోతే రీల్స్‌లో ఇది చూపించరు.

ఇప్పుడు మీతో కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో రొయ్యల రేటు ఉంది, మేత బాకీ ఉంది, బావమరిది అభిప్రాయం ఉంది. అమ్మాయి ఏమందో ఒక్క ముక్క లేదు! ఎత్తు లేదు, మార్కులు లేవు, ఎందుకు మోడల్ అవ్వాలనుకుంటోందో లేదు. అన్నం తినడం లేదని రాశారు గానీ పక్కన కూర్చుని అడిగారా అని నా సందేహం. పరువు అంటున్నారు, ముక్కూమొహం తెలియని ఏజెన్సీకి ఐదు వేలు పంపినప్పుడు ఆ బావమరిదిని అడిగారా? మీ అసలు భయం మోడలింగ్ కాదనిపిస్తోంది. చేతిలో డబ్బు ఆడని టైమ్‌లో కాదంటే, నా కల నాన్నే చెడగొట్టాడు అని అమ్మాయి ఎక్కడ అంటుందో అని. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసింది, మరీ చౌకగా అమ్ముతున్నారంటూ వేసే పాత యాంటీ డంపింగ్ సుంకాలు దాని మీద అదనంగా పడ్డాయి. అది మీ చేతకానితనం కాదు. చెరువుల లెక్క అమ్మాయి ముందు పెట్టండి. బీకాం చదువుతున్న పిల్లకి లెక్కలు అర్థం కావనుకుంటే ఆ తప్పు మీదే.

సరదా పోగొట్టకుండా, అప్పు లేకుండా పరీక్షించుకునే దారి ఉంది. పోర్ట్‌ఫోలియో కంటే ముందు ఎవరైనా అడిగేది మామూలు ఫొటోలు. వెలుతురు పడే తెల్ల గోడ ముందు, ఒంటికి అతికినట్టుండే నల్ల టీషర్టు, జీన్స్, జుట్టు వెనక్కి కట్టి, మేకప్, ఫిల్టర్ లేకుండా ముందు, రెండు పక్కలు, వెనక, నిలువుగా ఒకటి, మొహం దగ్గరగా ఒకటి. పేరు, వయసు, ఎత్తు చెబుతూ అర నిమిషం వీడియో. ఇవి మీరే ఫోన్‌తో తీయొచ్చు. వీటిని చూసి డబ్బు అడక్కుండా పిలిచేవాళ్లు ఉంటే అప్పుడు ఆలోచిద్దాం. ఈలోగా రాజమండ్రి తాడితోట బట్టల మార్కెట్‌లో ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే వాళ్లుంటారు, భీమవరంలో బొటిక్‌లున్నాయి, నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకే అనే అధికారిక గుర్తింపు) వచ్చింది, వాటికీ మంచి ఫొటోలు కావాలి. శ్రావణం, దసరా, సంక్రాంతి సేల్స్‌కి ఫొటోలు ముందే తీసుకుంటారు కాబట్టి అంతకుముందే అడగాలి. ఒకటి రెండు షూట్లు చేస్తే పని నచ్చిందో, ఫొటోలే నచ్చాయో అమ్మాయికే తెలుస్తుంది. మొదట్లో ఇంట్లోవాళ్లు ఒకరు వెంట వెళ్లండి. ఎక్కడ, ఎవరెవరుంటారు, ఏ బట్టలు, ఎంత, ఎప్పుడిస్తారు అన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. ఫొటోలు ఎన్నాళ్లు వాడతారు, ఏఐకి వాడతారా అనేది కూడా.

ఎంబీఏతో పోల్చమన్నారు. పోల్చడానికి నాకు ఇందులో పెద్దగా ఏమీ కనపడలేదు, కంగారులో ఏదో కాలేజీలో పడేసే ఎంబీఏ కూడా లక్షన్నర లాంటిదే. బీకాం మాత్రం పూర్తి కావాలి, దాంట్లో రాజీ లేదు. బట్టల రంగం మీదే మనసుంటే డిగ్రీ తర్వాత కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ కాలేజీ నిఫ్ట్‌లో ఫ్యాషన్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ ఉంది, ఏ డిగ్రీ వాళ్లయినా రాయొచ్చు. ఫీజు తక్కువేం కాదు, అది ముందే కనుక్కోండి. కెమెరా వెనక ఉద్యోగాలు ముందున్న వాటికంటే ఎక్కువ, వయసుతో పోవు కూడా. అమ్మాయికి ఇంకా చాలా టైముంది, మీకూ ఉంది, ఒక పంట పోతే అంతా పోయినట్టు మాట్లాడకండి.

ఈరోజు చేయాల్సింది ఒకటే. ఆ ఏజెన్సీకి మెసేజ్ పెట్టండి: ముందు డబ్బు కట్టం, పని ఇప్పించి కమీషన్ తీసుకోండి, మా ఐదు వేలు తిరిగి పంపండి అని. జవాబులో మళ్లీ ఆఫర్లు, డిస్కౌంట్లు, రేపే ఆఖరు తేదీ అని వస్తే ఆ చాట్, పేమెంట్ రసీదు స్క్రీన్‌షాట్లు దాచుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. ఫోన్ మీరు చేయండి గానీ వివరాలు అమ్మాయి చేత చెప్పించండి.