వీలునామా మీద అభ్యంతరం: లాయరు లేకుండా ఎంత దూరం?

ప్రశ్న: మా నాయన ఎనిమిది నెలల కిందట పోయారు. పెద్దకర్మ అయిన నెలకు మా అన్న ఒక రిజిస్టర్డ్ వీలునామా బయటపెట్టాడు. 2 ఎకరాల 40 సెంట్ల మాగాణి, 20 అంకణాల ఇల్లు తనకే రాశారంటున్నాడు. ఆడపిల్లలం ఇద్దరం ఉన్నాం, అందులో మా ఊసే లేదు. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయిస్తే అలాంటి వీలునామా ఏదీ కనపళ్ళేదు. అమ్మ ఎప్పుడో పోయింది. లాయరుకు ఇచ్చుకునే స్తోమత లేదు. మేమే కోర్టుకు పోవచ్చా? (కోవూరు నుంచి ఒక సోదరి)

జవాబు: పోవచ్చు. కక్షిదారు తన కేసు తానే నడుపుకోవడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3 వీలిస్తోంది.

ముందు ఈసీ సంగతి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అమ్మకాలు, తనఖాలు, దానపత్రాలు 1వ పుస్తకంలోకి ఎక్కుతాయి, ఈసీ వచ్చేది దాన్నుంచే. వీలునామాలు ఎక్కేది 3వ పుస్తకంలోకి. అందుకే ఈసీలో లేదంటే వీలునామా లేదని కాదు. రాసిన మనిషి బతికుండగా దాని నకలు బయటివాళ్ళకివ్వరు. పోయాక మాత్రం దరఖాస్తు పెట్టినవాళ్ళకు ఇవ్వాలి, రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ఆ మాటే చెబుతోంది. మరణ ధ్రువపత్రం జతచేసి, మీ అన్న చూపిన కాగితం మీది నంబరు, సంవత్సరం రాసి సర్టిఫైడ్ నకలు తీసుకోండి. చేతిలో జిరాక్సు ఉంది కదా అని ఆగొద్దు.

నకలు వచ్చాక మొదట తేదీ చూడండి. ఆ వారం మీ నాయన ఏ ఆస్పత్రిలో ఉన్నారు, కేసు షీట్‌లో స్పృహ గురించి ఏం రాశారు, చూపు ఎంతవరకు ఆనేది? తర్వాత సాక్షులు, దస్తూరి రాసిన మనిషి. ముగ్గురూ మీ అన్న మనుషులేనా? సర్వే నంబర్లు సరిగ్గా ఉన్నాయా? ఎప్పుడూ సంతకం చేసే మనిషి ఇక్కడ వేలిముద్ర వేశాడా? రిజిస్టర్ అయితే ఇక తిరుగులేదన్నది మన ఊళ్ళలో బాగా పాతుకుపోయిన అపోహ. రిజిస్టర్ అయినా కాకపోయినా 1925 భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఇద్దరు సాక్షులుండాలి. రాసిన మనిషి సంతకం పెట్టడం వాళ్ళు చూసి ఉండాలి, లేదా అది తనదేనని ఆయన వాళ్ళతో చెప్పి ఉండాలి. ఆయన ఎదుటే వాళ్ళూ సంతకాలు చేయాలి. ఆ ఇద్దరిలో ఒక్కరైనా బోనెక్కి ఈ సంగతి చెప్పాలి. పాత సాక్ష్య చట్టం 68వ సెక్షన్‌లో ఉన్న ఈ నిబంధన 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం 67వ సెక్షన్‌గా ఉంది.

సొంతంగా కోర్టుకెళ్ళేవాళ్ళు ఎక్కువగా తప్పటడుగు వేసేది దావా ఎంచుకోవడంలో. ‘వీలునామా రద్దు చేయండి’ అని వేస్తే రుజువు చేసే బరువు మీ నెత్తికెత్తుకున్నట్టే, పైగా దానికి మూడేళ్ళ గడువుంది. మీరు వారసులు కాబట్టి భాగ పరిష్కారం దావా (ఆస్తి పంచి మా వాటా ఇప్పించమని) వేయండి. అప్పుడు వీలునామా ఉందని చెప్పుకోవాల్సింది మీ అన్న, అది నిజమని రుజువు చేసుకోవాల్సిందీ ఆయనే. అనుమానించదగ్గ పరిస్థితులుంటే వాటిని తొలగించే బాధ్యత కూడా వీలునామా చూపినవాళ్ళదేనని సుప్రీంకోర్టు 1958లోనే వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది. అయితే మోసం, బలవంతం అని మీరు రాస్తే వాటిని మీరే రుజువు చేయాలి. ‘సంతకం ఆయనది కాదు’, ‘తాగించి పెట్టించారు’ అని రెండూ ఒకే దావాలో రాస్తే రెండూ బలహీనపడతాయి.

భూమి ఎలా వచ్చిందో తేల్చుకోవడం దీనికంటే ముఖ్యం. మీ నాయన స్వార్జితమైతే ఆయన ఎవరికైనా రాసుకోవచ్చు, పిల్లలకు ఇంత ఉంచి తీరాలన్న నియమం హిందువులకు లేదు. అన్యాయంగా ఉందన్నది కోర్టుకు కారణం కాదు. తరతరాలుగా వచ్చి, అన్నదమ్ముల పంపకంలో ఆయనకు దక్కిన భూమి అయితే లెక్క మారుతుంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతుళ్ళూ పుట్టుకతో భాగస్థులే, సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11 నాటి వినీతా శర్మ తీర్పు దాన్ని ఖాయం చేసింది. నాయన, అన్న, మీరిద్దరు కలిపి నాలుగు భాగాలు, తలా 60 సెంట్లు. వీలునామా నిలబడినా నాయన రాయగలిగింది తన 60 సెంట్లే, మీ ఇద్దరి 1 ఎకరా 20 సెంట్ల జోలికి అది రాదు. మీ తాత సంపాదించిన భూమి, హిందూ వారసత్వ చట్టం వచ్చిన 1956 తర్వాత వారసత్వంగా వచ్చి ఉంటే మాత్రం అది మీ నాయన సొంతమే. పాత అడంగళ్ళు (సాగు వివరాల రికార్డు), డైగ్లాట్ (సెటిల్‌మెంట్ నాటి పాత భూమి రిజిస్టరు), పంపకం దస్తావేజు నకళ్ళు తీసి చూసుకోండి.

దావా భూమి ఉన్నచోటి కోర్టులో వేయాలి. వారసులందర్నీ కక్షిదారుల్ని చేయండి, ఒక్కర్ని వదిలినా అభ్యంతరం వస్తుంది. ఉమ్మడి ఆస్తుల్లో కొన్నే చూపించడమూ చిక్కే. మరణ ధ్రువపత్రం, తహసీల్దారిచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులతో షెడ్యూలు, సబ్ రిజిస్ట్రారు మార్కెట్ విలువ పత్రం, మీ ప్రమాణపత్రం జతచేయాలి. ప్రతివాదికొక కాపీ ఉండాలి. కోర్టు ఫీజు దగ్గర జాగ్రత్త. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నామంటే చిన్న స్థిరమైన ఫీజు సరిపోతుంది. నన్ను పూర్తిగా వెళ్ళగొట్టారని మీరే రాసుకుంటే మీ వాటా మార్కెట్ విలువ మీద కట్టాలి. ఉన్నదే రాయండి, కోపంలో లేనిది కలపొద్దు. కేసు పెండింగులో ఉండగా అన్న అమ్మేస్తాడని భయముంటే దావాతోపాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద తాత్కాలిక ఇంజంక్షన్ (అమ్మకుండా ఆపే ఉత్తర్వు) అడగండి.

ఇంతవరకు మీరే చేసుకోగలరు. సాక్షుల విచారణ మొదలయ్యాక కష్టం. మీరు ఆడవాళ్ళు కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు, న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్. నెల్లూరు జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే ప్యానెల్ లాయరును పెడతారు. 15100కి ఫోన్ చేసినా చాలు. డబ్బు లేకే లాయరు వద్దనుకుంటున్నారు కాబట్టి ఈ దారి వదులుకోవద్దు.

ప్రశ్న: మా జేజి (నాయనమ్మ) పేరున ఉన్న మెట్టకు మా పెదనాయన తెల్లకాగితం వీలునామా చూపించి మ్యుటేషన్‌కు (రికార్డుల్లో పేరు మార్పుకు) పెట్టాడు. జేజి పోయింది. మా నాయన అంతకు ముందే పోయాడు. స్టాంపు పేపరు లేని వీలునామా చెల్లుతుందా? (కందుకూరు)

జవాబు: చెల్లుతుంది. వీలునామాకు స్టాంపూ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. ఆ కాగితాన్ని పట్టుకుని ‘ఇది పేపరేనా’ అని వాదించడం వృథా. తహసీల్దారుకు మీరు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. ఖాతా నంబరు, సర్వే నంబరు, మీ నాయన వారసుడిగా మీకున్న హక్కు, వీలునామాను ఒప్పుకోవడం లేదన్న మాట, ఈ నాలుగూ ఒక పేజీలో ఉండాలి. తపాలు సెక్షన్‌లో రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా కదలొద్దు. అయినా 1-బి (భూమి హక్కుల రికార్డు) మార్చేస్తే ఉత్తర్వు అందిన 60 రోజుల్లో ఆర్డీవోకు అప్పీలు చేయండి. వీలునామా నిజమా కాదా అని తేల్చేది సివిల్ కోర్టే. పాస్‌బుక్‌లో పేరు మారినంతమాత్రాన హక్కు పోదు కానీ, ఆ పాస్‌బుక్‌తో బ్యాంకులో అప్పు తెచ్చాక చిక్కుముడి పెద్దదవుతుంది.

ప్రశ్న: దావా నేనే నడుపుకుంటున్నా. వచ్చే వాయిదాకు వీలునామా సాక్షి వస్తున్నాడు. చీఫ్ అఫిడవిట్ (తన సాక్ష్యం రాసిన ప్రమాణపత్రం) ఇచ్చేశాడు. ఏం అడగాలి? (కనిగిరి)

జవాబు: ‘ఎందుకు అబద్ధం చెబుతున్నావ్’ అన్న ప్రశ్న మాత్రం వద్దు. చిన్నచిన్నవి అడగండి. మిమ్మల్ని ఎవరు పిలిచారు? ఏ ఊళ్ళో, ఎవరి ఇంట్లో? పొద్దున్నా, సాయంత్రమా? మీరు వెళ్ళేసరికి కాగితం రాయడం అయిపోయిందా? చదివి వినిపించిందెవరు? ముందు ఎవరు సంతకం చేశారు? రెండో సాక్షి చేసేటప్పుడు మీరున్నారా? ఇవే ప్రశ్నలు రెండో సాక్షినీ, రాసిన మనిషినీ అడిగితే తేడాలు వాటంతట అవే బయటపడతాయి.

‘నేను వెళ్ళేసరికే వేలిముద్ర పడి ఉంది’ అన్న జవాబు వచ్చిందనుకోండి, అక్కడితో కూర్చోండి. ‘అయితే ఆయన అది తనదేనని మీతో చెప్పాడా?’ అని అడిగితే, సాక్షి అవునంటాడు, 63వ సెక్షన్‌లో ఉన్న ఖాళీ మీరే పూడ్చినట్టవుతుంది. అవతలి లాయరు తిరిగి అడిగితే అడగనివ్వండి, మీరు మాత్రం అందించొద్దు.

వేలిముద్ర మీద అనుమానముంటే, రిజిస్టర్డ్ వీలునామా అయితే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తీసుకున్న ముద్ర ఉంటుంది. ఒరిజినల్‌తో దాన్ని పోల్చడానికి నిపుణుడికి పంపమని పిటిషన్ వేయండి. జిరాక్సు మీద పోలిక నిలవదు. సంతకమైతే అదే కాలంలో బ్యాంకులో పెట్టిన సంతకాలు తెప్పించాలి, ఇరవై ఏళ్ళ కిందటివి పనికిరావు.

ప్రశ్న: సాక్షి సంతకం చేసినవాడికే ఆస్తి రాస్తే అది చెల్లదంటారు, నిజమేనా? (దర్శి)

జవాబు: క్రైస్తవ కుటుంబాల్లో నిజం. వీలునామా మొత్తం పోదు, ఆ సాక్షికీ, అతని భార్యకూ రాసిన భాగం పోతుంది. ఇది చెప్పే భారత వారసత్వ చట్టం 67వ సెక్షన్‌ను హిందువులకు వర్తింపజేయలేదు. అక్కడ అది అనుమానించదగ్గ పరిస్థితుల్లో ఒకటి మాత్రమే. ముస్లిం కుటుంబాలకు దారి వేరు. అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోగా మిగిలినదాంట్లో మూడో వంతుకు మించి రాస్తే, ఆ మించినది వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది.