తొమ్మిది అంకెలతో ఒకే ఒక్క సంఖ్య

ప్రశ్న: కొబ్బరి వర్తకుని దగ్గర గుమాస్తాగా లెక్కలు రాసే మా పెదనాన్నగారు, ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయికి 38,16,54,729 అనే సంఖ్య చూపించారు. ఎడమ నుంచి మొదటి రెండంకెల సంఖ్య 2తో, మొదటి మూడంకెల సంఖ్య 3తో, అలా 9 వరకు శేషం లేకుండా భాగింపబడుతుందనీ, 1 నుంచి 9 వరకు అంకెలను ఒక్కొక్కసారే వాడితే ఇలాంటిది మరొకటి రాదనీ అన్నారు. భాగించి చూస్తే మొదటి మాట నిజమే. రెండోది ఎలా నమ్మడం?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: రెండో మాట కూడా నిజమే. ఈ అంకెలను 3,62,880 రకాలుగా పేర్చవచ్చు గాని, అన్నిటినీ భాగించి చూడనక్కరలేదు. మీ అమ్మాయి బడిలో నేర్చుకునే భాజనీయతా సూత్రాలే చాలు.

అంకెల మొత్తం 45 కనుక 9 షరతు ఎలా పేర్చినా నెరవేరుతుంది. సున్నా లేదు కాబట్టి అయిదో స్థానంలో 5 తప్ప మరొకటి కుదరదు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది స్థానాల్లో సరి అంకెలే ఉండాలి, కాబట్టి మిగిలిన స్థానాలు బేసి అంకెలవి. మూడో అంకె బేసి అయినప్పుడు నాలుగుతో భాగింపబడాలంటే నాలుగో అంకె 2 గాని 6 గాని కావాలి. మొదటి మూడంకెల మొత్తమూ, మొదటి ఆరంకెల మొత్తమూ 3తో భాగింపబడాలి కాబట్టి నడిమి మూడంకెల మొత్తం కూడా అలాగే ఉండాలి. అంటే నడుమ 258 లేదా 654 మాత్రమే వస్తుంది. ఆరో అంకె సరి, ఏడోది బేసి కావడం వల్ల, 8 షరతు ప్రకారం ఏడు, ఎనిమిది స్థానాల్లో 16, 32, 72, 96లలో ఒకటి ఉండాలి. కనుక నడుమ 258 ఉంటే ఎనిమిదో అంకె 6, రెండోది 4. 654 ఉంటే ఎనిమిదోది 2, రెండోది 8. ఇక మొదటి మూడంకెలకు 3 షరతు పెడితే మొత్తం పది సంఖ్యలే మిగులుతాయి.

ఏడుకు అంత సులువైన సూత్రం లేదు కాబట్టి ఈ పదింటినీ చేత్తో భాగించవలసిందే, కాలిక్యులేటరు లేకుండా మీ అమ్మాయి చేతనే చేయించండి. 9876543ను ఏడుతో భాగిస్తే 5 మిగులుతుంది. 1836547కు 6 మిగులుతుంది; అందులో మొదటి, మూడో అంకెలను తారుమారు చేసి 3816547 అని రాస్తే సరిగ్గా 5,45,221 సార్లు పోయి ఏమీ మిగలదు. తక్కిన తొమ్మిదింటికీ శేషం ఉంటుంది.

మీ పెదనాన్నగారి సంఖ్య చివర సున్నా చేర్చితే 10 షరతు కూడా నెరవేరి, పది అంకెలూ ఒక్కొక్కసారి వచ్చిన సంఖ్య అవుతుంది. ఒకే అంకె మళ్లీ రావచ్చని సడలిస్తే ఈ వరుస ఇంకా సాగుతుంది గాని, 3608528850368400786036725 అనే 25 అంకెల సంఖ్యతో ఆగిపోతుంది. దాని పక్కన ఏ అంకె చేర్చినా 26తో భాగింపబడదు.